లారెన్సు హామండుగారి జీవితము

ప్రతి దినమును పాఠశాల ప్రారంభమగునపుడు ప్రార్థన మందిరములో హార్మోనియము మ్రోగుట మన విద్యార్థులందరును విను సంగతియే. ఒక చేయి తిత్తిని త్రోయుచుండగా గాలి లోపలి ఇత్తడి రీడుల నదరించును. ఆ యదురుటయే స్వరమగును. ఆ హార్మోనియమునే యొక చిన్న గదిలోనికి గొనిపోయి వాయించి చూడుడు. స్వరములు మారవు, మెట్లు మారవు, వాయించు చేయియు మారదు. అయినను వినువానికి నాదము వేరుగా తోచును. ఓరుగల్లు కోటలోని ఖుష్ మహలువంటి ఎత్తైన రాతి కమానుల క్రింద నిలిచి పాడినవాని గొంతు మరింత వేరుగా వినబడును. కావున వాద్యమొకటియే నాదమును పూర్తిచేయుట లేదు. వాద్యమునకును చెవికిని నడుమ నున్నది కూడ దానిని తీర్చిదిద్దుచున్నది.

ఈ చిన్న సత్యమును గ్రహించుటకు మిక్కిలి తెలివిగల యొక మనుష్యునికి సగము మాత్రమే సాధ్యమయ్యెను. ఆయన ప్రపంచ ప్రసిద్ధి చెందిన విద్యుద్వాద్యమును నిర్మించెను. వేలకొలది క్రైస్తవ దేవాలయములలో దాని ధ్వని వినబడెను. అయినను ఆ వాద్యమునకు నిండుదనము తెచ్చిన పెట్టెను చేసినవాడు వేరొకడు. ఆ పెట్టెను ఆయన జీవితాంతము ఆదరింపలేదు. ఆయనయే లారెన్సు హామండుగారు. నేడు మన పట్టణపు బాలురు కొందరు ఇండ్లలో కీబోర్డులను, సింథసైజరులను వాయించుచు, వానికి వెలుపలి పెట్టెలను తగిలించి ధ్వనిని మార్చుచున్నారు గనుక, ఈయన చరిత్రము వారికి ఉపయోగించునని తలచి ఈ సంవత్సరపు సంచికలో వ్రాయుచున్నాము.

హామండుగారు 1895వ సంవత్సరము జనవరి 11వ తేదీన అమెరికా దేశమందలి ఇల్లినాయ్ రాష్ట్రములో, చికాగో నగరమునకు చేరువనున్న ఇవాన్‌స్టన్ అను పట్టణమున జన్మించిరి. తండ్రి బ్యాంకు వ్యవహారములు నడపినవాడు. లారెన్సునకు రెండేండ్లు నిండిన కాలముననే ఆ తండ్రి గతించెను. తల్లి ఐడియా లూయీస్ చిత్రలేఖనము నెరిగిన స్త్రీ. ఆమె తన కళను వృద్ధిచేసికొను తలంపుతో పిల్లలను వెంటబెట్టుకొని ఫ్రాన్సు దేశమునకు వెడలెను. తండ్రిలేని బాలుడు పరదేశములో పెరిగి ఫ్రెంచి, జర్మను భాషలను చక్కగా నేర్చెను. పదునాలుగేండ్ల ప్రాయముననే మోటారు బండ్లలో గేరులు తమంతట తామే మారునట్టి యొక యంత్రపు పద్ధతిని గీసి చూపెను. తల్లి ప్రోత్సాహముపై దానిని రెనో అను ప్రసిద్ధ ఫ్రెంచి మోటారు కంపెనీ యింజనీర్లకు పంపెను. వారు దానిని నిరాకరించిరి. తన పనిని ఒకరు కాదనినచో ఎట్లుండునో ఆ బాలునికి అప్పుడే తెలిసెను. ఈ సంగతిని చదువరులు మనస్సున నుంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

కుటుంబము ఇవాన్‌స్టనునకు తిరిగివచ్చిన పిమ్మట ఆయన కార్నెల్ విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రమభ్యసించి 1916లో పట్టము పొందెను. మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినపుడు అమెరికా సైన్యముతో ఫ్రాన్సులో పనిచేసెను. తరువాత డెట్రాయిట్ నగరమున పడవల యింజనులు చేయు గ్రే మోటారు కంపెనీలో ముఖ్య యింజనీరుగా కుదిరెను. 1920లో టిక్కుటిక్కుమను చప్పుడు వినబడని స్ప్రింగు గడియారమును కనిపెట్టి, దానివలన వచ్చిన ధనముతో ఉద్యోగమును విడిచి న్యూయార్కు నగరమున సొంత పనిశాల పెట్టుకొనెను. 1922లో టెలివ్యూ అను నొక వింతను నిర్మించెను. నాటకశాలలో ప్రతి ఆసనమునకును ఒక చిన్న యంత్రము అమర్చి, దానిలోనుండి చూచువానికి తెరపై బొమ్మలు లోతు గలవిగా కనబడునట్లు చేసెను. ఆ యేడు డిసెంబరులో న్యూయార్కునందు దానిని ప్రదర్శించిరి, జనులు ఆశ్చర్యపడిరి. కాని ఆసనమున కొక యంత్రమనగా ఎంత వ్యయమో ఆలోచింపుడు. ఆ యొక్క నాటకశాలలో తప్ప అది మరియెక్కడను నిలువలేదు.

అయినను హామండుగారి చేతిలో ఒక గొప్ప సాధనము మిగిలెను. అది విద్యుచ్ఛక్తి తాళమునకు తప్పక తిరుగునట్టి చిన్న మోటారు. అమెరికాలో ఇండ్లకు వచ్చు విద్యుత్ప్రవాహము సెకనునకు 60 సారులు ఊగును. మన దేశమున 50 సారులు ఊగును. ఆ ఊపునకు సరిగా కట్టుబడి, ఎక్కువ తక్కువలు లేక తిరుగు మోటారును గడియారమునకు తగిలించినచో, విద్యుత్కేంద్రము నడచినంతకాలము గడియారము తప్పు చూపదు. ఆయన 1928లో హామండు గడియారముల కంపెనీని స్థాపించెను. వ్యాపారము మొదట బాగుగా సాగెను. ఇంతలో 1929 నుండి అమెరికాను గొప్ప ఆర్థిక మాంద్యము క్రమ్మెను. గడియారములు కొనువారు తగ్గిరి, పోటీదారులు పెరిగిరి. పనివారిని నిలుపుకొనుటకై 1932లో పేకముక్కలను తానే కలిపి పంచు బల్లను చేసి అమ్మెను. అదియు కొన్నినాళ్ల ముచ్చటయే యయ్యెను. కంపెనీ నిలువవలెనన్న మరియొక క్రొత్త వస్తువు కావలసివచ్చెను.

తప్పక తిరుగు మోటారు గడియారపు ముల్లును త్రిప్పగలిగినచో, స్వరమునేల త్రిప్పలేదని ఆయన ఆలోచించెను. స్వరమనగా సెకనునకు ఇన్ని సారులని లెక్కగా అదురుటయే గదా. ఆయనకు ముందు థాడియస్ కాహిల్ అను అమెరికా దేశస్థుడు 1897లో టెల్‌హార్మోనియమను విద్యుద్వాద్యమునకు పేటెంటు పొంది, దాని సంగీతమును టెలిఫోను తీగలమీద పంపుటకు ప్రయత్నించియుండెను. ఆ యంత్రపు బరువు రెండువందల టన్నులు. దానిని పెట్టుటకు భవనమే కావలసివచ్చెను. కాహిలు కాలమున ధ్వనిని పెంచు వాల్వు యాంప్లిఫయరు లేదు. హామండుగారి కాలమునకు అది వచ్చెను. కావున అంత పెద్ద యంత్రము చేయవలసిన పనిని అరచేతిలో ఇముడు చక్రములచేత చేయింప వీలయ్యెను. ఆయన 1933లో నొక పాత పియానోను కొని, మెట్ల వరుసను మాత్రముంచుకొని తక్కినదంతయు పారవేయించి, ఆ మెట్లతో పరీక్షలు ప్రారంభించెను. ఆయన వాద్యగాడు కాడు. వాయింపనేరనివాడు వాద్యమును నిర్మింప బూనుటయే విశేషము.

ఆ వాద్యము పనిచేయు విధమును మన పై తరగతుల విద్యార్థులు సులభముగా గ్రహింపగలరు. అంచున పండ్లు గల యొక ఇనుప చక్రము తిరుగుచుండును. దాని యెదుట రాగితీగ చుట్టిన అయస్కాంతపు కడ్డీ యుండును. ప్రతి పన్నును కడ్డీ కొనను దాటునపుడు తీగలో విద్యుత్తు ఒకసారి ఊగును. పదునారు పండ్ల చక్రము సెకనునకు 27½ సారులు తిరిగినచో తీగలో 440 ఊపులు పుట్టును. లౌడ్‌స్పీకరులో అది ఆర్గను వాయించువారు ఏ అని పిలుచు స్వరముగా వినబడును. హామండు ఆర్గనులో ఇట్టి చక్రములు 91 గలవు. ఒక్క మోటారే అన్నిటిని త్రిప్పును గనుక శ్రుతి ఎన్నటికిని చెడదు. మెట్లపైన ఒక్కొక్క వరుసకు తొమ్మిది పట్టీలుండును. ఒక్కొక్క పట్టీని ఎంత వెలుపలికి లాగినచో, మూలస్వరముతో దాని పై స్వరములలో నొకటి అంత మోతాదుగా కలియును. వంటలో ఉప్పు, పులుపు, కారము పాళ్లు మార్చిన రుచి మారునట్లు, ఈ పాళ్లు మార్చిన ధ్వని వేణువువలెనో బాకావలెనో మారును. స్వరములను విడివిడిగా పుట్టించి కలిపి క్రొత్త ధ్వనిని చేయుటయే నేటి సింథసైజరుల ముఖ్య మార్గములలో నొకటి. కావున ఈ ఆర్గనును వానికి పూర్వజునిగా నెంచవచ్చును.

1934వ సంవత్సరము జనవరి 19న ఆయన పేటెంటు కొరకు అర్జీ పెట్టెను. దేశమంతట నిరుద్యోగము ప్రబలియున్న కాలమగుటచేత, పనులు కల్పింపగల వస్తువని అధికారులు దానిని త్వరగా పరిశీలించి ఏప్రిల్ 24నే మంజూరు చేసిరి. 1935 ఏప్రిలులో న్యూయార్కున వాద్యమును ప్రజలకు చూపిరి. మోటారు బండ్ల నిర్మాత హెన్రీ ఫోర్డును, సంగీతకర్త జార్జి గెర్ష్‌విన్‌ను మొదట కొన్నవారిలోనివారు. అయితే అందరికంటె ఎక్కువగా దానిని కోరినవి క్రైస్తవ సంఘములు. గొట్టములతో కట్టు ఆర్గను గొప్ప పట్టణ సంఘములకే సాధ్యము. అది గోడతో కలసిపోయి భవనములో భాగమై యుండును. దానికగు ధనముతో చిన్న సంఘము దేవాలయమునే కట్టుకొనగలదు. హామండు ఆర్గను బల్లవలె నొకచోట నిలుచును, విద్యుత్తీగను తగిలించిన మ్రోగును, వెల తక్కువ. మొదటి మూడేండ్లలోనే 1,750కి పైగా దేవాలయములు దానిని కొనెను. బీద సంఘముల స్తుతిగానమునకు ఈ వాద్యము చేసిన మేలు గొప్పది.

ఇక్కడ హామండుగారికి మొదటి పరీక్ష వచ్చెను. కంపెనీవారు తమ ప్రకటనలలో ఈ వాద్యము పదివేల డాలరుల గొట్టముల ఆర్గనుతో సమానమనియు, దాని ధ్వనులన్నియు దీనిలో గలవనియు వ్రాసిరి. గొట్టముల ఆర్గను చేయువారు కోపించిరి. 1936లో అమెరికా ప్రభుత్వపు వాణిజ్య సంఘము విచారణ మొదలుపెట్టెను. మరుసటి సంవత్సరము చికాగో విశ్వవిద్యాలయపు ప్రార్థన మందిరములో రెండు వాద్యములను ప్రక్కప్రక్కన నుంచి మరుగున వాయించి, ఏది యేదో చెప్పుడని సంగీతజ్ఞులను సామాన్యులను అడిగిరి. వినువారు సుమారు సగము సారులు పొరబడిరనియో ఊహించి చెప్పిరనియో కంపెనీ న్యాయవాదులు వాదించిరి. గొట్టముల ఆర్గనును హామండు ధ్వనికి దగ్గరగునట్లు అమర్చి వాయించిరని ఎదుటి పక్షమువారు చెప్పిరి. కడపట 1938లో, సమానమను మాటను, తత్సంబంధమైన మరికొన్ని మాటలను ప్రకటనలనుండి మానుకొనవలెనని ఉత్తరువయ్యెను. వాద్యము మంచిదే, దానిని గూర్చి చెప్పిన మాట మాత్రము హద్దు దాటెను. తన సరకును తన యోగ్యతచేతనే నిలువనిచ్చుట వర్తకునికి ధర్మము.

ఆ పరీక్ష పెద్ద మందిరములో జరిగినదని చదువరులు గమనింపవలెను. అట్టి మందిరములో మారుమ్రోత ధ్వనిని గుండ్రముగా జేయును. చిన్న గదిలోనో, తివాచీలు పరచిన ఇంటిలోనో హామండు ఆర్గను ధ్వని ఎండిపోయినట్లు వినబడెను. మెట్టు నొక్కగనే స్వరము పుట్టును. విడువగనే కత్తితో కోసినట్లు ఆగును. దీని లోపము హామండుగారికి తెలియకపోలేదు. టెలిఫోను పనికై ప్రఖ్యాతి గాంచిన బెల్ ప్రయోగశాలవారు దూరపు తీగలలో మాట ఆలస్యమగు రీతిని పరీక్షించుటకు స్ప్రింగులతో నొక సాధనము చేసియుండిరి. హామండుగారు ఆ ఊహను గ్రహించి, ధ్వనిని స్ప్రింగులగుండ పంపి మారుమ్రోత పుట్టించు నొక పరికరమును చేయించెను. నూనెలో మునిగిన స్ప్రింగులతో సుమారు నాలుగడుగుల యెత్తుండు ఆ పరికరమును ఆర్గను మెట్లపెట్టెలో గాక, వేరుగా నుండు లౌడ్‌స్పీకరు పెట్టెలో నమర్చిరి. ధ్వని పుట్టుచోటొకటి, దానిని తీర్చుచోటు మరియొకటి అను పద్ధతికి ఇది మంచి యుదాహరణము. ఇతరుల ఊహ అని ఆయన దానిని త్రోసివేయలేదు, మేలైనదని గైకొనెను. కావున ఆయనకు వినయము బొత్తిగా లేదనుట న్యాయము కాదు.

1939లో హామండుగారు, తమ సహాయకులు జాన్ హానెర్టు, సి. ఎన్. విలియమ్సు గారలతో కూడి నోవాకార్డు అను మరియొక వాద్యమును వెలువరించిరి. దీనిలో తిరుగు చక్రములు లేవు. 163 వాల్వులచేతనే స్వరములు పుట్టును. 72 మెట్లను ఒక్కమారుగ నొక్కినను అన్నియు పలుకును. ధ్వని ఎంత త్వరగా లేవవలెనో, ఎంత మెల్లగా తగ్గవలెనో వాయించువాడే నిర్ణయించుకొనవచ్చును. సింథసైజరను పేరు లోకమున వ్యాపింపక ముందే దాని గుణములనేకము ఇందు గలవు. ఆ సంవత్సరపు న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమున దానిని వినిపించిరి. యుద్ధము వచ్చుటచేత 1942లో నిలిచిపోవులోపల 1,069 మాత్రమే తయారయ్యెను.

ఇక ఈ చరిత్రములో ముఖ్యమైన ఘట్టమునకు వచ్చితిమి. కాలిఫోర్నియాలో డానల్డు లెస్లీ అను యువకుడుండెను. 1911లో జన్మించినవాడు; హామండుగారికంటె పదునారేండ్లు చిన్న. లాస్ ఏంజలీస్ నగరమున హామండు ఆర్గనులను అమ్ము ఒక పెద్ద దుకాణములో ఆయన పనిచేసెను. 1937లో తానే యొక ఆర్గనును కొని యింటికి తెచ్చుకొనెను. దుకాణపు విశాలమైన శాలలో కమ్మగా వినబడిన వాద్యము తన చిన్న యింటిలో నిర్జీవముగా వినబడెను. ఇది మోసమని ఆయన కోపించి ఊరకుండలేదు. కారణమేమని వెదకెను. గొట్టముల ఆర్గనులో నొక్కొక్క స్వరము ఒక్కొక్క గొట్టమునుండి, వేరువేరు తావులనుండి వచ్చును. ధ్వని గదియంతట కదలుచున్నట్లు తోచును. హామండు ఆర్గను ధ్వని యంతయు ఒక్క తావునుండియే వచ్చుచున్నది. కావున ధ్వనిని కదల్పవలెనని ఆయన నిశ్చయించెను.

కాజీపేట స్టేషను ప్లాటుఫారముపై నిలుచున్నవారికి లెస్లీగారి యుపాయము సులభముగా బోధపడును. ఆగని రైలు కూతవేయుచు మనవైపు వచ్చునంతసేపు కూత హెచ్చు శ్రుతిలో వినబడి, మనలను దాటిపోగనే దిగజారును. దీని కారణమును 1842లో క్రిస్టియన్ డాప్లరు అను ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు వివరించెను. ధ్వని పుట్టించు వస్తువు మనవైపు వచ్చుచున్నచో అలలు దగ్గరపడును, దూరమగుచున్నచో ఎడమగును. లెస్లీగారు లౌడ్‌స్పీకరు ముందు బాకావంటి కొమ్ము నమర్చి దానిని మోటారుతో గుండ్రముగా త్రిప్పెను. మంద్రస్వరముల కొరకు క్రింద నొక పీపావంటి దానిని త్రిప్పెను. కొమ్ము మనవైపు తిరిగినపుడు ధ్వని హెచ్చి శ్రుతి కొంచెము లేచును; అవతలికి తిరిగినపుడు తగ్గును. ఎండిపోయిన స్వరము ఊపిరి తీయుచున్నట్లయ్యెను. మెల్లగా త్రిప్పిన అది దేవాలయ గానమునకు తగిన గంభీరమైన ఊగు. వేగముగా త్రిప్పిన అది ఉత్సాహమున వణకు కంఠము.

లెస్లీగారు ఆ పెట్టెను హామండుగారి కంపెనీకి చూపి, వారే దానిని చేసి అమ్మవలెనని కోరెను. హామండుగారు మెచ్చలేదు, తీసికొనలేదు. పదునాలుగేండ్ల ప్రాయమున తన గేరుల పటమును ఫ్రెంచి యింజనీర్లు త్రిప్పిపంపినపుడు బాధపడిన బాలుడు, ఇప్పుడు తానే త్రిప్పిపంపువాడయ్యెను. లెస్లీగారు 1941లో సొంత కంపెనీని స్థాపించి పెట్టెలను చేయసాగెను. హామండు కంపెనీ తన యేజెంట్లను వాటిని అమ్మవలదని నిషేధించెను. ఆర్గనునకు లౌడ్‌స్పీకరును కలుపు విధమును సైతము మార్చి, లెస్లీ పెట్టె సులభముగా తగులకుండ చేసెను. లెస్లీగారు దానికి తగిన మార్గమును మరల కనిపెట్టెను. ఇట్లు ఏండ్ల తరబడి సాగెను.

ఈ వివాదమును తీర్చినది న్యాయస్థానము గాదు, ప్రభుత్వమును గాదు. వాయించువారు తీర్చిరి. దుకాణమున కలిపి అమ్మకున్నను, వారు ఆర్గనునొకచోట, పెట్టెను మరియొకచోట కొని యింటికి తెచ్చి కలుపుకొనిరి. అమెరికాలోని నల్లజాతి క్రైస్తవుల దేవాలయములలో ఈ జంట ధ్వనియే ఆరాధన ధ్వని యయ్యెను. బోధకుడు మాటలాడునపుడు మెల్లగా ఊగుచు, సంఘము లేచి పాడునపుడు వేగముగా అదరుచు, అది ప్రసంగముతో పాటు నడచెను. 1950ల నడుమ జిమ్మీ స్మిత్ అను వాద్యగాడు జాజ్ సంగీతమునకు దానిని తెచ్చెను. 1966లో ఇంగ్లండు దేశపు బీటిల్స్ బృందమువారు వాద్యమును గాక గాయకుని కంఠమునే లెస్లీ పెట్టెగుండ పంపి రికార్డు చేసిరి. ఒక వాద్యము కొరకు చేసిన వెలుపలి పెట్టె ఇతర ధ్వనులకును పనికివచ్చునని దీనివలన తేటపడెను. చిత్రమేమనగా, 1960 ప్రాంతమున హామండు కంపెనీ తయారుచేసిన చిన్న స్ప్రింగు మారుమ్రోత పరికరమును ఇతర కంపెనీలు కొని తమ గిటారు యాంప్లిఫయరులలో నమర్చుకొనిరి. ఒకరి పెట్టెను లోనికి రానీయని కంపెనీ, తన పెట్టెను ఇతరుల యిండ్లకు పంపుచునేయుండెను.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున హామండుగారు గురిచూచి ప్రయోగించు ఆయుధములను నడపు సాధనములపై పనిచేసిరి. అంతకు ముందు 1940లో ఫ్రాంక్లిన్ సంస్థవారు ఆర్గను నిర్మాణమునకై జాన్ ప్రైస్ వెదరిల్ పతకము నొసగి గౌరవించిరి. 1954 నుండి వెలువడిన బి-3 అను నమూనా అన్నిటిలో ప్రఖ్యాతి గాంచెను. 1955లో ఆయన కంపెనీ యధ్యక్ష పదవిని విడిచి పరిశోధనకే కాలము వెచ్చించెను. 1960లో అరువదియైదేండ్ల వయస్సున పూర్తిగా విశ్రాంతి తీసికొనెను. అప్పటికి ఆయన పేర 90 పేటెంటులు గలవు. తరువాత మరి యిరువది వచ్చెను. 1973వ సంవత్సరము జూలై 1న కనెక్టికట్ రాష్ట్రపు కార్న్‌వాల్ గ్రామమున ఆయన మరణించెను. అటుపిమ్మట కొలది యేండ్లకే తిరుగు చక్రముల ఆర్గనుల తయారీ నిలిచిపోయెను.

లెస్లీగారు 1965లో తన కంపెనీని సి.బి.ఎస్. సంస్థకు అమ్మివేసెను. 1980లో లెస్లీ పేరును, హక్కులను కొన్నవారెవరు? హామండు కంపెనీవారే. నిర్మాత గతించిన ఏడేండ్లకు, ఆయన వలదనిన పెట్టె ఆయన పేరుగల యింటిలోనే చేరెను. 1992లో జపాను దేశపు సుజుకి సంగీత వాద్యముల సంస్థకు చెందిన హామండు సుజుకి కంపెనీకి ఆ హక్కులు వచ్చెను. లెస్లీగారు 2004లో, తొంబదిమూడేండ్ల వయస్సున మరణించిరి. తన పెట్టె ఆ యింటిలో చేరుటను ఆయన కన్నులార చూచిరి.

ఈ కథ నేటి బాలురకెట్లు ఉపయోగించును? లెస్లీ పెట్టె ఒక బీరువాయంత యుండును, మోయుట కష్టము. నేడు అదే పనిని అరచేయి పట్టునంత పెట్టెలు చేయుచున్నవి. కాలితో మీట నొక్కుదురు గనుక వానిని పెడలులందురు. మారుమ్రోత నిచ్చునది యొకటి, మాటను మరల మరల పలికించునది యొకటి, లెస్లీ కొమ్మువలె త్రిప్పునది యొకటి, ధ్వనిని గరుకు చేయునది యొకటి. వీనిలో పెక్కులు గిటారు కొరకు పుట్టినవి. సింథసైజరునకు తగిలించునపుడు కొన్ని సంగతులెరుగవలెను. గిటారునుండి వచ్చు విద్యుత్సంకేతము బలహీనము. సింథసైజరునుండి వచ్చునది దానికంటె చాల బలమైనది. కావున సింథసైజరు ధ్వనిమీటను మొదట తగ్గించి, తరువాత కొంచెము కొంచెముగా పెంచవలెను; లేనిచో పెడలులో ధ్వని చిట్లును. సింథసైజరు కుడియెడమలకు వేరువేరు ధ్వనులిచ్చునదై, పెడలు ఒక్క దారి గలదైనచో, ఒక్క దారినుండియే పూర్తి ధ్వని వచ్చునట్లు సింథసైజరును అమర్చవలెను. పెడలులు పెక్కుగా నున్నచో సాధారణముగా గరుకు చేయుదానిని ముందును, ఊగించుదానిని నడుమను, మారుమ్రోత నిచ్చుదానిని కడపటను ఉంచుదురు. గాయకుడు మందిరములో పాడునపుడు కంఠము ముందు, గోడ తరువాత గదా. ఈ క్రమమునకు కారణమదియే. అయినను ఇది ధర్మశాస్త్రము కాదు. క్రమము మార్చి విని చూచుట తప్పుకాదు. తలిదండ్రులు కూడ, మంచి కీబోర్డు కొనియిచ్చితిమి గదా, ఈ పెట్టెలెందుకని వెంటనే కసరుకొనక, ఒక్కమారు పెట్టెతోను, ఒక్కమారు పెట్టె లేకయు విని చూడవలెనని మా మనవి.

మన దేశపు వాద్యములను చూచినను ఇదే సత్యము కనబడును. వీణతీగ యొక్కటియే మీటినచో సన్నని చప్పుడు. పనసకొయ్య కుండ దానిని నాదముగా చేయును. తంబురాలో తీగక్రింద జొనిపిన చిన్న నూలుపోగు ధ్వనికంతటికిని మెరుగు తెచ్చును. తీగను చేసినవాడు కుండను గాని, పోగును గాని పరాయిదని యెంచినచో మనకు సంగీతమే లేదు.

హామండుగారి జీవితమునుండి మేము గ్రహించిన నీతి యిది. ఆయన బుద్ధిశాలి, కష్టజీవి, ఓటమికి క్రుంగనివాడు. బీద సంఘములకు ఆర్గను నిచ్చినవాడు. బెల్ ప్రయోగశాలవారి స్ప్రింగును గైకొనుటకు సంకోచింపలేదు. కాని పేరులేని యువకుని కొమ్మును గైకొనలేకపోయెను. గొప్పవారినుండి నేర్చుకొనుట సులభము. చిన్నవారినుండి నేర్చుకొనుట కష్టము. ఉపాధ్యాయులమైన మాకును ఇది వర్తించును. మేము నేర్పిన పాఠమునకు ఒక విద్యార్థి లేచి మరియొక మార్గము చూపినపుడు, వానిని కూర్చుండబెట్టుటకు మా నాలుక తొందరపడును. అట్టి వేళ హామండుగారి ఆర్గనును, లెస్లీగారి పెట్టెను మేము జ్ఞాపకము చేసికొనవలెను.

విద్యార్థులారా, మీరు చేయు ప్రతి పనియు నొక వాద్యమే. దానిని శ్రద్ధతో, శ్రుతి తప్పక, మీ శక్తికొలది సంపూర్ణముగా నిర్మింపుడు. నిర్మించిన పిమ్మట, ఒకడు తన చిన్న పెట్టెను మోసికొని మీ తలుపు తట్టినచో, ముందుగా వాయించి వినుడు; తరువాత నిర్ణయింపుడు. ఆ వినయమును ఓర్పును దేవుడు మనకందరికిని అనుగ్రహించును గాక.